ఎన్డీఏనా, డిగ్రీ తర్వాత ఏఎఫ్‌క్యాటా? పైలట్ కావాలంటే ముందు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి

ఇంటర్ ఎంపీసీ చదివే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: వాయుసేనలో పైలట్ కావాలంటే ఇంటర్ అవగానే ఎన్డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ ప్రవేశ పరీక్ష) రాయాలా, బీటెక్ పూర్తి చేసుకుని ఏఎఫ్‌క్యాట్‌కో (డిగ్రీవాళ్లకు వాయుసేనే పెట్టే పరీక్ష) సీడీఎస్‌కో (డిగ్రీవాళ్లకు యూపీఎస్సీ పెట్టే రక్షణ దళాల పరీక్ష) వెళ్లాలా? దీనికి జవాబు చెప్పేవాళ్లంతా సిలబస్, కోచింగ్, సీట్ల లెక్కల దగ్గరే ఆగిపోతారు. నా దృష్టిలో మాత్రం ఈ రెండిట్లో మీ దారి ఏదో తేల్చేది ముందు మీ కళ్లు, తర్వాత మీ కాళ్ల పొడవు, ఆ తర్వాతే మార్కులు. కోచింగ్‌కి ఫీజు కట్టకముందే కళ్లు చూపించుకుంటే సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది.

ముందు రెండు దారుల వివరాలు గబగబా చెప్పేస్తాను. ఎన్డీఏకి వయసు పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర మధ్య ఉండాలి. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పరీక్ష పెడుతుంది, మ్యాథ్స్ 300, జనరల్ ఎబిలిటీ 600, ఎస్ఎస్‌బీ (ఎంపిక బోర్డు ఇంటర్వ్యూ) 900 మార్కులు. గెలిస్తే పుణె దగ్గరి ఖడక్‌వాస్లాలో ఉన్న అకాడమీలో మూడేళ్లు, జేఎన్‌యూ డిగ్రీ, తర్వాత మన దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో ఫ్లయింగ్ శిక్షణ, చివరికి పర్మనెంట్ కమిషన్, అంటే రిటైర్మెంట్ దాకా ఉండే ఆఫీసర్ ఉద్యోగం. ఏఎఫ్‌క్యాట్‌కి ఫ్లయింగ్ బ్రాంచ్‌లో 20 నుంచి 24 ఏళ్లు, డిగ్రీలో 60 శాతం, ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ రెండింట్లోనూ 50 శాతం చొప్పున కావాలి. రెండు గంటల్లో 100 ప్రశ్నలు, 300 మార్కులు. కానీ వచ్చేది 14 ఏళ్ల షార్ట్ సర్వీస్ కమిషన్. అదే వయసులో సీడీఎస్ రాస్తే పర్మనెంట్ కమిషన్ దొరుకుతుంది గానీ ఆ దారిలో వాయుసేనకి అబ్బాయిలను మాత్రమే తీసుకుంటారు. అమ్మాయిలకు ఏఎఫ్‌క్యాట్ ఉంది, ఎన్డీఏ కూడా తెరుచుకుంది. మొదటి బ్యాచ్ అమ్మాయిలు 2022లో చేరి 2025 మేలో పాసింగ్ అవుట్ పరేడ్ చేశారు.

ఇక అసలు విషయం, కళ్లు. పైలట్‌కి ఒక కంట్లో 6/6 (మామూలు పూర్తి చూపు), రెండో కంట్లో 6/9 (దానికన్నా కాస్త తక్కువ) ఉండి అది 6/6కి సరిదిద్దగలిగేలా ఉండాలి. ఆ దిద్దుబాటు కూడా ప్లస్ పవర్‌కే (దగ్గరివి చూడటానికి కన్ను ఎక్కువ కష్టపడే లోపం) చెల్లుతుంది. కళ్లజోడు పెట్టుకోవాల్సినంత మైనస్ పవర్ (దూరంవి మసకగా కనిపించే లోపం) ఉంటే ఎన్డీఏ ద్వారా పైలట్ అనే మాట మర్చిపోవాల్సిందే. "చార్టు మొత్తం చదివేశాడు, సైట్ ఏమీ లేదు" అని ఇంట్లో ధీమాగా ఉంటారు కదా, అది చాలదు. పదిహేడేళ్ల కంట్లో కండరం చాలా బలంగా ఉంటుంది, అది లెన్స్‌ని బిగించి ప్లస్ పవర్‌ని దాచేస్తుంది. చుక్కల మందు వేస్తే పాప పెద్దదవుతుంది, ఆ కండరం సడలిపోతుంది, కొన్ని గంటలపాటు ఫోన్‌లో అక్షరాలు కూడా కనపడవు, ఎండలోకి వస్తే కళ్లు జిగేల్‌మంటాయి. అప్పుడు తేలేదే మీ నిజమైన పవర్. అందుకే డాక్టర్‌ని "చుక్కలు వేసి చూడండి, రంగుల పుస్తకం కూడా చూపించండి" అని నోరు తెరిచి అడగండి. రంగులు గుర్తుపట్టడంలో పుట్టుకతో లోపం ఉంటే దానికి మందు లేదు. అది పదిహేడేళ్లప్పుడు తెలిస్తేనే నయం, 23 ఏళ్లప్పుడు మెడికల్ బోర్డులో తెలిస్తే గుండె పగిలిపోతుంది.

సైట్ ఉన్నవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా వినాలి. లేజర్ ఆపరేషన్, అంటే లాసిక్ లేదా పీఆర్‌కే చేయించుకున్నా వాయుసేన తీసుకుంటుంది, కానీ ఆపరేషన్ ఇరవై ఏళ్లు నిండాకే జరిగి ఉండాలి, జరిగి కనీసం 12 నెలలు గడిచి ఉండాలి, కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మందం 450 మైక్రాన్లకు తగ్గకూడదు, కనుగుడ్డు పొడవు 25.5 మిల్లీమీటర్లు దాటకూడదు. ఆ పొడవు రూల్ ఎందుకంటే, లేజర్ కార్నియాని మాత్రమే చెక్కుతుంది, సాగిపోయిన కనుగుడ్డు అలాగే ఉంటుంది, దాని వెనక రెటీనా (వెలుగుని పట్టే పొర) పలచబడి ఉండే ప్రమాదం కూడా అలాగే ఉంటుంది. ఇప్పుడు వయసు లెక్క వేయండి. ఎన్డీఏ పంతొమ్మిదిన్నరకే ముగిసిపోతుంది కాబట్టి ఆపరేషన్ చేయించుకుని ఎన్డీఏలో పైలట్ కావడం అనే దారే లేదు. ఏఎఫ్‌క్యాట్‌కి మాత్రం ఇరవై దాటాక ఆపరేషన్, 21కి మెడికల్‌కి సిద్ధం, 24 వరకు టైమ్ ఉంటుంది. "పద్దెనిమిది నిండితే చాలు, చేసేద్దాం" అనే ఆసుపత్రి మాట వినకండి. మామూలు ఉద్యోగాలకు అది ఫర్వాలేదేమో గానీ, ఇరవైకి ముందు చేయించుకున్న ఒక్క కారణంతో ఈ తలుపు మూసుకుపోతుంది. ఆపరేషన్‌కి ముందే కనుగుడ్డు పొడవు కొలిపించుకుని ఆ కాగితం దాచుకోండి, అంకె 25.5 దాటి ఉంటే పైలట్ ఉద్యోగం కోసమని ఆ ఖర్చు పెట్టొద్దు.

ఇంకోవైపు, ఇప్పుడు చూపు బాగున్న పిల్లలకు నేను ఎన్డీఏనే ముందు రాయమంటాను. కారణం సింపుల్: చాలామందికి మైనస్ పవర్ ఇరవైల మొదటి దాకా వస్తూనే, పెరుగుతూనే ఉంటుంది. నాలుగేళ్ల బీటెక్, హాస్టల్, లాప్‌టాప్ అయ్యాక ఆ 6/6 అలాగే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. చేతిలో ఉన్న చూపుని ఉన్నప్పుడే వాడుకోవాలి.

అయితే ఎన్డీఏ వైపు ఒక పెద్ద రిస్క్ ఉంది. ఏఎఫ్‌ఎస్‌బీలో (వాయుసేన ఎంపిక బోర్డు) ఫ్లయింగ్ అభ్యర్థులకు సీపీఎస్ఎస్ అని పైలట్ ఎంపిక పరీక్ష పెడతారు. డయల్స్ చూసి విమానం ఎత్తు, దిశ చెప్పడం, చేత్తో స్టిక్, కాళ్లతో పెడల్స్ కదుపుతూ స్క్రీన్ మీద గురిని వెంటాడటం లాంటివి ఉంటాయి. ఇది జీవితంలో ఒక్కసారే. పదిహేడేళ్లకు "అనుభవం కోసం వెళ్లొద్దాం" అని వెళ్లి ఫెయిలైతే, తర్వాత ఏఎఫ్‌క్యాట్ రాసినా సీడీఎస్ రాసినా ఫ్లయింగ్ బ్రాంచ్ ఇవ్వరు. కాబట్టి ఎన్డీఏ రాత పరీక్షను ట్రయల్‌గా రాయండి, తప్పులేదు, సీపీఎస్ఎస్‌ని మాత్రం ట్రయల్‌గా రాయకండి. ఆల్టిమీటర్ (ఎత్తు చూపేది), దిక్సూచి, ఆర్టిఫిషియల్ హొరైజన్ (విమానం వంపు చూపేది) ఎలా చదవాలో ముందే నేర్చుకోండి, ముందురోజు రాత్రి కంటినిండా నిద్రపోండి.

కొలతల్లో రెండు దారులకీ తేడా లేదు. ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లు, కాలు పొడవు 99 నుంచి 120, తొడ పొడవు 64కి మించకూడదు, కూర్చుంటే ఎత్తు 81.5 నుంచి 96. ఇంట్లోనే చూసుకోవచ్చు: గోడకు నడుము ఆనించి కూర్చుని, గోడ నుంచి మోకాలి ముందు భాగం దాకా టేపు పట్టండి, తొడ పొడవు ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ఎజెక్షన్ సీటు పైకి విసిరినప్పుడు మోకాళ్లు ప్యానెల్‌కి తగలకూడదు కాబట్టి ఇందులో బేరాలుండవు. వెన్నెముకకి ఎక్స్‌రేలు తీసేదీ ఆ సీటు దెబ్బ తట్టుకోవాలనే. చెవిలో గులిమి, ఎక్కువ బరువు, ముక్కు దూలం వంకర లాంటివి ముందే సరిచేయించుకోవచ్చు. ఈ విషయంలో డిగ్రీ దారి మేలు, టైమ్ దండిగా ఉంటుంది.

ఉద్యోగం సంగతికొస్తే పర్మనెంట్ కమిషన్‌దే పైచేయి. 22కి చేరిన షార్ట్ సర్వీస్ పైలట్ 36కి బయటికొస్తాడు, పెన్షన్ ఉండదు. కానీ ఆ వయసుకి ఫ్లయింగ్ గంటలు చేతిలో ఉంటాయి కాబట్టి, డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) పరీక్షలు రాసి లైసెన్స్ తీసుకుంటే విమానయాన సంస్థల వైపు వెళ్లొచ్చు. ఇరవైల్లో ఉన్న అబ్బాయిలు ఏఎఫ్‌క్యాట్, సీడీఎస్ రెండూ రాయండి, ఇంగ్లిష్, జీకే, లెక్కలు చాలావరకు కలిసిపోతాయి, ఏది ముందు పిలిస్తే దానికి వెళ్లండి. పొద్దున్నే పరుగు మాత్రం ఇవాళే మొదలుపెట్టండి: అకాడమీలో చేరేనాటికి 1.6 కిలోమీటర్లు పది నిమిషాల్లో, పది పుష్-అప్‌లు, మూడు చిన్-అప్‌లు చేయగలగాలని నోటిఫికేషన్‌లోనే ఉంటుంది.