రెండు వేసవులు పట్టిన ‘ది హిస్టోరియన్’

విజయవాడ ఏలూరు రోడ్డులోని ఒక పాత పుస్తకాల దుకాణంలో కొన్న ఎలిజబెత్ కొస్తోవా ఆంగ్ల నవల ‘ది హిస్టోరియన్’ పూర్తిచేయడానికి నాకు రెండు వేసవులు పట్టాయి. 2005లో వెలువడిన ఈ నవల ఆరు వందల పుటలు దాటుతుంది.

నడుమ ఒక్క డ్రాగన్ బొమ్మ తప్ప మిగతా పుటలన్నీ ఖాళీగా ఉన్న పాత పుస్తకమూ, కొన్ని ఉత్తరాలూ తండ్రి గ్రంథాలయంలో ఒక అమ్మాయికి దొరకడంతో మొదలయ్యే కథ, 1930ల నుంచి 1970ల దాకా మూడు కాలాల్లో ముందుకూ వెనక్కూ నడుస్తూ, 15వ శతాబ్దపు వలాకియా (నేటి రుమేనియాలోని ప్రాంతం) పాలకుడు వ్లాడ్ డ్రాకులా సమాధిని వెదుకుతుంది. ఉత్తరంలో మరో ఉత్తరం, అందులో మరొకరి జ్ఞాపకం వస్తుండగా, అందరి గొంతూ ఒకేలా వినిపించడం వల్ల ఎవరు మాట్లాడుతున్నారో తెలియక బుడాపెస్ట్ అధ్యాయాల దగ్గర పుస్తకం మూసేశాను. డ్రాకులా రక్తపిశాచిగా కనిపిస్తాడని చదివేవారికి ఆ నిరీక్షణ మరీ దీర్ఘం.

మరుసటి వేసవిలో, ఎండ ముదరకముందే రోజుకు ఇరవై పుటల చొప్పున, మూడు కాలాలనూ ఒక కాగితం మీద మూడు వరుసలుగా రాసుకుంటూ చదివితే కథ పట్టుబడింది. ఇస్తాంబుల్ అధ్యాయాలు అద్భుతం. 1453లో కాన్‌స్టాంటినోపుల్‌ను (నేటి ఇస్తాంబుల్) గెలిచిన ఒట్టోమన్ సుల్తాన్ రెండవ మెహ్మద్ కాలపు పత్రాల వేట, కొండవీటి శాసనాల కోసం తిరిగినవారికి ఎంతో ఆత్మీయంగా తోస్తుంది. ఇన్ని దేశాలు తిప్పాక బయటపడే డ్రాకులా ఉద్దేశం మాత్రం ఆ శ్రమకు తగినంత బరువుగా లేదు.

మొన్న ఒక మిత్రుడు అడిగితే, పుస్తకంతో పాటు ఆ కాగితాన్నీ ఇచ్చాను.