అవకలజానికి ఏ దారి: తేడా పద్ధతా, సంకీర్ణ అడుగా?

తిరుపతిలో గణితం ఎమ్మెస్సీ చదివే పిల్లలు ప్రాజెక్టు ప్రోగ్రాములతో వస్తే, నేను మొదట చూసేది అవకలజం (derivative, అంటే ఒక బిందువు దగ్గర ప్రమేయం మారే రేటు) ఎలా లెక్కించారన్నదే. దాదాపు అందరూ తేడా పద్ధతే వాడతారు: ప్రమేయం విలువను ఒక బిందువు దగ్గర, చిన్న అడుగు జరిగి మరోసారి లెక్కించి, తేడాను అడుగుతో భాగించడం. సులువే. కానీ దాదాపు సమానమైన రెండు సంఖ్యల తీసివేతలో అంకెలు రాలిపోతాయి. తలనీలాల బరువు తెలుసుకోవడానికి మనిషిని గుండుకు ముందు, తర్వాత లారీ కాటా మీద తూచినట్టు. కంప్యూటర్ సుమారు 16 అంకెలు మోస్తుంది. అడుగును జాగ్రత్తగా 10⁻⁸ దగ్గర ఉంచినా, నిలిచేవి దాదాపు ఎనిమిదే.

సంకీర్ణ అడుగు తీరే వేరు. విశ్లేషక ప్రమేయాల (analytic, అంటే ఘాత శ్రేణిగా విస్తరించగలిగినవి) అవకలజాలకు సంకీర్ణ సంఖ్యల (complex numbers) తలాన్ని గణితవేత్తలు లైనెస్, మోలర్ 1967లోనే వాడారు. ఇక్కడ అడుగు కల్పిత అక్షం వైపు, అంటే √−1 గుణిజాలుండే దిక్కుకు, పడుతుంది. ఫలితంలోని కల్పిత భాగాన్ని అడుగుతో భాగిస్తే చాలు. తీసివేతే లేదు. 1 రేడియన్ దగ్గర సైన్ తీసుకోండి, అడుగు 10⁻²⁰. తేడా పద్ధతి సున్నా ఇస్తుంది, ఎందుకంటే 1కి అంత చిన్న సంఖ్య కలిపినా కంప్యూటర్‌కు అది 1గానే ఉంటుంది. సంకీర్ణ అడుగు మాత్రం 0.5403023 అంటూ కొసైన్ విలువనే చేతిలో పెడుతుంది. ఇది మొదటిసారి చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

షరతు ఒకటుంది: ప్రమేయం విశ్లేషకం కావాలి. మధ్యలో పరమ మూల్యమో (absolute value), సంయుగ్మమో (conjugate, కల్పిత భాగం గుర్తు మార్చినది) దూరితే జవాబు తప్పుతుంది. లోపలి కోడు మనకు అందని ప్రోగ్రాముకు తేడా పద్ధతే గతి. కోడు చేతిలో ఉంటే మాత్రం పిల్లల చేత సంకీర్ణ అడుగే వేయిస్తాను.