తల్లిపాలా, డబ్బా పాలా: బిడ్డ బరువుకు ఏది మేలు?

తల్లిపాలు తాగిన పిల్లలు పెద్దయ్యాక లావెక్కరనే మాట నిజమేనా అని నాకు తెలిసిన తల్లులు తరచూ అడుగుతుంటారు. నాలుగో నెలలో పాపను అత్తయ్యకు అప్పగించి ఉద్యోగానికి వెళ్లేముందు నేనూ ఈ ప్రశ్నతోనే సతమతమయ్యాను.

జర్మనీలోని బవేరియాలో బడిలో చేరే వయసు పిల్లలపై జరిగిన అధ్యయనం 1999లో వెలువడింది. తల్లిపాలు ఎరగని పిల్లల్లో 4.5 శాతానికి ఊబకాయం ఉంటే, తాగినవారిలో 2.8 శాతానికే ఉంది. అయితే అలాంటి దేశాల్లో చదువు, ఆదాయం ఉన్న తల్లులే ఎక్కువకాలం పాలు ఇస్తారు. ఆ ఇళ్లలో తిండీ వేరు, ఆటలూ వేరు; కాబట్టి ఆ తేడా పాల వల్లేనని చెప్పలేం. బెలారస్‌లో 17 వేలకు పైగా తల్లీబిడ్డలతో చేసిన ప్రయోగంలో కొన్ని ఆసుపత్రులను చీటీ పద్ధతిలో ఎంచి తల్లిపాలను గట్టిగా ప్రోత్సహించారు. అక్కడ తల్లులు ఎక్కువకాలం పాలిచ్చారు, మొదటి ఏడాదిలో విరేచనాలు తగ్గాయి. పదహారేళ్ల వయసులో చూసినా, మిగతా ఆసుపత్రుల పిల్లలకంటే వాళ్ల బరువు మాత్రం తగ్గలేదు. అందరూ తల్లిపాలతో మొదలుపెట్టినవారే కనుక, అసలు తాగనివారి సంగతి ఈ ప్రయోగం తేల్చదు.

డబ్బా పాలు తప్పనప్పుడు చూడాల్సింది మాంసకృత్తులు. తల్లిపాలలో 100 మిల్లీలీటర్లకు అవి సుమారు ఒక గ్రాము; ఆవుపాలలో మూడు గ్రాములకు పైనే. అయిదు యూరప్ దేశాల్లో రెండు రకాల డబ్బా పాలను పోల్చితే, మాంసకృత్తులు ఎక్కువున్నవి తాగిన పిల్లల్లో ఆరేళ్లకు ఊబకాయం ముప్పు రెట్టింపు దాటింది. తక్కువున్న రకం ఏదో పిల్లల డాక్టరును అడగండి.

నా దృష్టిలో అంతకన్నా ముఖ్యం, కడుపు నిండిందని ఎవరు తేలుస్తున్నారన్నది. రొమ్ము దగ్గర బిడ్డే నోరు తీసేస్తుంది. ఎంత తాగిందో మనకు తెలియదు. సీసా మీద గీతలుంటాయి. అడుగున కొంచెం మిగిలితే ప్రాణం ఒప్పదు, మళ్లీ నోట్లో పెడతాం. తొలినెలల్లో సీసాకు అలవాటైన పిల్లలు ఏడాది వయసు దగ్గరపడేసరికి పాలు అడుగంటా ఖాళీ చేయడం ఎక్కువని ఒక అమెరికా అధ్యయనం చెబుతోంది. సీసాలో పోసినవి తల్లిపాలైనా అంతే.

అందుకే ఉదయం, రాత్రి నేనే పాలిచ్చాను; పగలు, నేను ముందే పిండి ఉంచిన పాలను అత్తయ్య ఉగ్గుగిన్నెతో పట్టేవారు. "ఇంత మిగిలిందేమిటమ్మా, బిడ్డ కడుపు నిండిందంటావా?" అని ఆవిడ బెంగ. తల తిప్పుకుంటే ఆపేయమని రోజూ చెప్పేదాన్ని.

ఏడాది లోపు గేదె పాలు, ఆవుపాలు ప్రధాన ఆహారంగా వద్దు.

పాపకు ఇప్పుడు పది నెలలు. నిన్న రాగిజావ సగం తాగి మొహం తిప్పుకుంది. అత్తయ్య ఒక్క క్షణం ఆగి, గిన్నె పక్కన పెట్టేశారు.