స్పీడ్ అసిస్ట్: బీప్ దండగ, పెడల్ పనికొస్తుంది

కారులో స్పీడ్ అసిస్ట్ వాడబట్టి ఏళ్లు గడిచాయి. ముందు అద్దం వెనకున్న కెమెరా రోడ్డు పక్క బోర్డులు చదువుతుంది, మ్యాప్‌లోని పరిమితితో సరిచూసుకుంటుంది, దాటితే చెబుతుంది. ఎలా చెబుతుందన్న దాంట్లోనే ఉంది తేడా అంతా.

బీప్ కొన్నాళ్లకు చెవికి అలవాటైపోతుంది. మోగుతున్నా పట్టదు. పెడల్ మోడ్ అలా కాదు. పరిమితి దాటగానే యాక్సిలరేటర్ పాదాన్ని మెల్లగా వెనక్కి నెడుతుంది. ఓవర్‌టేక్ చేయాలంటే కాస్త గట్టిగా తొక్కితే చాలు, అడ్డుపడదు. పక్క సీట్లో ఉన్నవాళ్లకు తెలియను కూడా తెలియదు, పరువు దక్కుతుంది.

తప్పులూ చేస్తుంది. హైవే మీద 100లో పోతుంటే, పక్కకు దిగే సర్వీసు రోడ్డుకు పెట్టిన 40 బోర్డు చదివేసి పెడల్ ఎగదన్నుతుంది. ముందు పోయే లారీ వెనక అంటించిన 80 స్టిక్కర్ కూడా దాని లెక్కలో బోర్డే. అడాప్టివ్ క్రూజ్‌ను (ముందు బండిని బట్టి కారే వేగం సర్దుకునే ఏర్పాటు) దీనికి జత చేస్తే మరీ టెన్షన్: తప్పు చదివినప్పుడల్లా కారే స్పీడు తగ్గించేస్తుంది, వెనకవాడికి ఎందుకో అర్థం కాదు. ఆ రెండిటినీ విడదీసి పెట్టుకున్నాక ప్రాణం హాయిగా ఉంది. ఇక కొమ్మల చాటున దాక్కున్న బోర్డులు, మరమ్మతు ముగిసినా తీయని తాత్కాలిక బోర్డులు చూస్తే, తప్పు కారుదని ఎలా అంటాం?

ప్రభుత్వాల సంగతి మరీ తమాషా. యూరోపియన్ యూనియన్ 2024 జులై నుంచి కొత్త కార్లన్నిటికీ దీన్ని తప్పనిసరి చేసింది. అయినా డ్రైవర్ ఆఫ్ చేసుకోవచ్చు. మళ్లీ స్టార్ట్ చేస్తే తిరిగి ఆన్ అవుతుంది. ఇండియాలో 2019 జులై నుంచి ఉన్నది 80 దాటితే అప్పుడప్పుడూ, 120 దాటితే ఆగకుండా మోగే బజర్. మనమున్న రోడ్డు పరిమితి ఎంతో దానికి తెలియదు. బడి ముందు 75లో పోయినా కిక్కురుమనదు. కాలిఫోర్నియాలో వేగం మితిమీరితే కారు హెచ్చరించాలంటూ చట్టసభ ఒప్పుకున్న బిల్లును 2024లో గవర్నర్ గావిన్ న్యూసమ్ వీటో చేశారు.

ఈ నియమాల్లో ఏదీ చివరి మాట కారుకు ఇవ్వలేదు. డ్రైవర్లే ఓటర్లు కదా! దానికన్నా కెమెరా పెట్టి, తర్వాత చలాన్ పంపడం తేలిక. కానీ ఒక్కచోట నిలబెట్టిన కెమెరా దగ్గర అందరూ బ్రేకు తొక్కి, దాటగానే మళ్లీ లాగించేస్తారు. రెండు చోట్ల మధ్య సగటు వేగం లెక్కగట్టే కెమెరాలున్న రోడ్ల మీద ఆ ఆట సాగదు. పెడల్ మోడ్‌కు అసలైన విలువ తెలిసేదీ అక్కడే. 100 నుంచి 120కి వేగం పెరిగేది 20 శాతమే, గుద్దుకునే శక్తి మాత్రం 44 శాతం పెరుగుతుంది. ఎన్ని ఎయిర్‌బ్యాగులున్నా ఆ లెక్క మారదు.

కొనేముందు టెస్ట్ డ్రైవ్‌లో పెడల్ మోడ్ ఉందో లేదో అడగండి. తప్పు చదివినప్పుడు స్టీరింగ్ మీది ఒక్క బటన్‌తో ఆగుతుందా, స్క్రీన్‌లో మెనూలు వెతుక్కోవాలా అన్నదీ చూసుకోండి. బీప్ ఒక్కటే ఉంటే దానికోసం అదనంగా ఖర్చు పెట్టొద్దు.