రాత్రికి అన్నమా, చపాతీయా, జొన్నరొట్టెయా?

షుగర్ ఉందని తెలిసిన వారంలోపే హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో రాత్రిపూట అన్నం బంద్ అవుతుంది. డాక్టరు చెప్పినా చెప్పకపోయినా చపాతీలు మొదలవుతాయి. మూడు నెలల తరువాత, ఆ కాలంలో రక్తంలోని చక్కెర సగటును చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో అంకె కదలకపోతే అప్పుడు అడుగుతారు: చపాతీ కన్నా జొన్నరొట్టె మేలా, లేక ఈ తిప్పలన్నీ ఎందుకు, అన్నమే కాస్త తగ్గించుకుంటే పోదా అని. అడిగినవారికల్లా విడివిడిగా చెబుతూ వచ్చిన సంగతులే ఇవి.

ముందు అంకెలు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్లబియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములు, పీచు 3 గ్రాముల లోపు. గోధుమపిండిలో పిండిపదార్థం 64, పీచు 11. జొన్నల్లో 68, 10. పీచులో బియ్యం బాగా వెనకబడింది, నిజమే. పిండిపదార్థంలో మాత్రం జనం ఊహించుకునేంత తేడా లేదు. 50 గ్రాముల బియ్యం వండితే ఒక కప్పు అన్నం అవుతుంది, అందులో 40 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. ఒక్కోటి 30 గ్రాముల పిండితో చేసిన చపాతీలు రెండు తిన్నా అంతే. పళ్లెమంత జొన్నరొట్టెకు 60 గ్రాముల పిండి పడుతుంది కాబట్టి అది ఒక్కటే కప్పు అన్నంతో సమానం. జొన్నరొట్టె ఎన్ని తిన్నా ఏమీ కాదనుకుని మూడు లాగించేవారు మూడు కప్పుల అన్నం తిన్నట్టే.

అంకెలు ఇంత దగ్గరగా ఉన్నప్పుడు ఏది మేలో తేల్చేది గింజ కాదు, మనం తినే తీరు అని నా నమ్మకం. అన్నం మనం విడతలుగా తింటాం. పచ్చడితో రెండు ముద్దలు, తరువాత పప్పు, కూర, చారు, చివర పెరుగు. ఒక్కోదానికి మళ్లీ అన్నం పడాల్సిందే. విస్తట్లో చారు మిగిలితే కాస్త అన్నం, అన్నం మిగిలితే కాస్త పెరుగు. ఈ ‘కాస్త’లను ఎవరూ లెక్కపెట్టరు. కూరకు పట్టే గతి ఇంకో సంగతి. గరిటెడు దొండకాయ వేపుడు రెండు గుప్పిళ్ల అన్నంలో కలిశాక రుచికే గాని కడుపుకు ఆనదు. కూర కలుపుకున్నామన్న తృప్తి మనది, తిన్నది మాత్రం అన్నం.

రొట్టె దగ్గర ఆ ఆట సాగదు. తుంచిన ప్రతి ముక్కకూ కూర కావాలి, లేకపోతే గొంతు దిగదు. అన్నంలోకి ఇంటిల్లిపాదికీ సరిపోయే కూర రొట్టెల్లోకి ఇద్దరికే వస్తుంది. చారు దానంతటదే పక్కకు తప్పుకుంటుంది. పప్పు ముద్దగా ఉండాలి కాబట్టి కందిపప్పు ఎక్కువే పడుతుంది. కూరలోని పీచు, పప్పులోని మాంసకృత్తులు కలిసినప్పుడు పిండిపదార్థం నెమ్మదిగా అరుగుతుంది, రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. రెండు రొట్టెలంటే రెండే, కంటికి కనబడే లెక్క.

ఈ లాభం చపాతీకీ ఉంది కదా అంటే, ఉంది. అయినా నా ఓటు జొన్నరొట్టెకే. చపాతీ మెత్తన, పలచన. మాటల్లో పడితే నాలుగు దిగిపోతాయి. పైన నూనె రాస్తారు, పక్కన బంగాళాదుంప కుర్మా పెడతారు. అక్కడ గోధుమ తప్పేమీ లేదు, ఆ జోడీ తప్పు. జొన్నరొట్టెకు చుక్క నూనె అక్కర్లేదు. నమలక తప్పదు, ఒకటిన్నరకే చాలనిపిస్తుంది. దానికి కుదిరే జోడీ కూడా మంచిదే: తోటకూర పప్పు, గోంగూర, బీరకాయ, సొరకాయ.

ఇంట్లో చేయడం రాదంటారా? సాయంత్రమైతే ఈ నగరంలో చాలా వీధుల్లో పెనం పెట్టి వేడివేడిగా కాల్చి ఇచ్చేవారు ఉన్నారు. రొట్టె మాత్రమే తెచ్చుకోండి, కూర ఇంట్లో వండుకోండి. వాళ్లిచ్చే ఎర్రకారంతోనే తినేస్తే పైన చెప్పిన లాభమంతా పోతుంది. చేసుకునేవారు పిండి తక్కువ తక్కువగా పట్టించుకోవాలి. పాతబడితే రొట్టె అంచులు పగులుతాయి, వేడినీళ్లు పోసి కలిపినా పట్టు రాదు.

అన్నం లేనిదే నిద్ర పట్టనివారిని నేను బలవంతపెట్టను. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తయారుచేసిన తెలంగాణ సోనా బియ్యం చక్కెరను మిగతా రకాల కన్నా నెమ్మదిగా పెంచుతుందని పేరు. వాడుకోండి, కానీ మందులా చూడవద్దు. కంచంలో ముందు కూర, పప్పు వడ్డించుకుని సగం వట్టిగానే తినేయండి. ఆ తరువాత ఒక కప్పు కొలిచి పెట్టుకోండి. చారు గ్లాసులో తాగండి, పెరుగుకు బదులు పలచని మజ్జిగ. పళ్లు లేని పెద్దవారికి రొట్టె కన్నా ఇదే నయం.

కొర్రలు, సామలు మంచివే గాని అన్నంలాగే వండి విడతలుగానే తింటాం కాబట్టి పాత కథే. రాగి జావ తాగేది కాబట్టి త్వరగా అరిగి చక్కెరను త్వరగా ఎక్కిస్తుంది. ఓట్స్ ఇష్టమైతే తినండి.

ఇన్సులిన్ తీసుకునేవారు, ఒంట్లో ఇన్సులిన్‌ను పెంచే గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవారు మాత్రం రాత్రి తిండిని ఒక్కసారిగా సగానికి కోయకూడదు. మందు పాత మోతాదులోనే ఉండి తిండి తగ్గితే నడిరాత్రి చక్కెర పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి. ముందు డాక్టరుకు చెప్పి మోతాదు సరిచేయించుకున్నాకే కంచం మార్చండి.