కాన్ఫిగ్ మారగానే రీడిప్లాయ్: సర్వర్‌కి వదిలేయాలా, మనం చెప్పాలా?

జావా వెబ్ అప్లికేషన్లు నడిపే టామ్‌క్యాట్ సర్వర్‌లో ఆటోడిప్లాయ్ (మార్పు కనిపిస్తే తనంతట తానే అప్లికేషన్‌ని మళ్లీ ఎక్కించడం) డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటుంది. మామూలుగా 10 సెకన్లకోసారి వెబ్.ఎక్స్‌ఎంఎల్ లాంటి సెట్టింగ్ ఫైళ్ల టైమ్‌స్టాంప్ చూసి, మారితే అప్లికేషన్‌ని మళ్లీ లోడ్ చేస్తుంది. కోడ్ రాసుకునే మెషీన్‌లో ఇంతకంటే హాయి లేదు.

లైవ్ సర్వర్‌లో మాత్రం నాకు దీనంటే భయం. రెండు లైన్లు కొట్టగానే సేవ్ చేసే అలవాటు నాది. ఒకసారి ఆ ఫైల్‌లో ఫిల్టర్ మ్యాపింగ్ (ఏ రిక్వెస్టులు ఏ ఫిల్టర్ గుండా వెళ్లాలో చెప్పే ముక్క) కలుపుతూ, ముగింపు ట్యాగ్ రాయకముందే సేవ్ కొట్టాను. ఆ ట్యాగ్ ఎలా రాయాలో పాత ఫైల్‌లో వెతుక్కునేలోపే అప్లికేషన్ పడిపోయింది, అందరికీ 404. ఫైల్ తేదీ మారిందా అన్నదే సర్వర్‌ చూస్తుంది, మన పని అయ్యిందా అన్నది దానికి పట్టదు. పైగా అప్లికేషన్ కోడ్‌ని లోడ్ చేసిన పాత క్లాస్‌లోడర్‌ని ఏదో ఒక థ్రెడ్ వదలకుండా పట్టుకుంటే రీలోడ్ అయిన ప్రతిసారీ మెటాస్పేస్ (జావా క్లాసుల వివరాలు ఉండే మెమరీ) పెరుగుతూ పోతుంది.

లైనక్స్‌లో సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీలో, ఫైల్ మారిందా అని కాపలా కాసే పాత్ యూనిట్ కాస్త నయం. పాత్‌మాడిఫైడ్ పెడితే ఫైల్‌లో రాత పడ్డ ప్రతిసారీ కదులుతుంది, పాత్‌చేంజ్డ్ అయితే రాసి మూసేదాకా ఆగుతుంది. అయినా నాలాంటివాళ్ల సగం సేవ్‌ని ఇదీ ఆపలేదు. కాకపోతే అది నడిపే సర్వీస్‌లో ముందు కాన్ఫిగ్ టెస్ట్, పాసైతేనే రీస్టార్ట్ అని రాసుకోవచ్చు.

ఎన్‌జినెక్స్ అనే వెబ్ సర్వర్ పద్ధతి దీనికి పూర్తిగా ఉల్టా. ఫైల్ ఎంత మారినా అది కదలదు, మనం రీలోడ్ అనాలి. కొత్త కాన్ఫిగ్‌లో తప్పుంటే పాత వర్కర్లే (రిక్వెస్టులు చూసుకునే ప్రాసెస్‌లు) పని సాగిస్తారు. బాగుంటే కొత్తవాళ్లు వస్తారు, పాతవాళ్లు చేతిలో ఉన్న రిక్వెస్టులు ముగించి వెళ్తారు. చిక్కల్లా మన మతిమరుపే. ఫైల్ మార్చి రీలోడ్ మర్చిపోతే, ఆ మార్పు ఎప్పుడో ఎవరో రీస్టార్ట్ చేసిన రోజు బయటపడుతుంది. అప్పుడు మొదలవుతుంది టెన్షన్.

చాలా మెషీన్ల మీద కంటైనర్లని నడిపే కుబర్నెటీస్‌లో, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా ఇచ్చిన కాన్ఫిగ్‌మ్యాప్ (సెట్టింగ్‌లు దాచే చోటు) మారినా, నడుస్తున్న పాడ్‌కి (అప్లికేషన్ కంటైనర్ ఉండే యూనిట్) తెలియదు. అందుకే, కుబర్నెటీస్‌లో అప్లికేషన్లు పెట్టడానికి హెల్మ్ అనే టూల్ వాడేవాళ్లు కాన్ఫిగ్ చెక్‌సమ్‌ని (లోపలిది మారితే తనూ మారే విలువ) పాడ్ టెంప్లేట్‌లో పెడతారు. ఆ విలువ మారితే రోలింగ్ అప్‌డేట్, అంటే పాత పాడ్‌ల చోట కొత్తవి విడతలుగా పెట్టడం, మొదలవుతుంది. పాడ్ సిద్ధమైందా అని చూసే రెడీనెస్ ప్రోబ్ సరిగ్గా ఉంటే, కొత్త పాడ్ సిద్ధం కాకపోతే పాతది నిలబడే ఉంటుంది.

నా ఓటు ఈ చెక్‌సమ్ పద్ధతికే. ఒకటి రెండు సర్వర్లే ఉంటే టెస్ట్ చేసి రీలోడ్ కొట్టడం చాలు. టామ్‌క్యాట్ అయితే లైవ్‌లో ఆటోడిప్లాయ్ ఆపేయండి. సర్వర్ మొదలైనప్పుడు అప్లికేషన్‌ని ఎక్కించే డిప్లాయ్‌ఆన్‌స్టార్టప్ వేరే సెట్టింగ్ కాబట్టి, సర్వర్ లేచినప్పుడు అప్లికేషన్ ఎప్పటిలాగే లేస్తుంది.