బోర్డు మీద నంబరా, లింకా?

కడపలో ఏడురోడ్ల కూడలికి దగ్గర్లో మాది ఫ్లెక్సీలు, విజిటింగ్ కార్డులు వేసే అంగడి. ఎవరి బోర్డయినా సరే, కింద ఎర్ర పట్టీ, అందులో తెల్లగా పది అంకెలు. చూడకుండానే చేయి వేసేస్తుంది. పోయిన శ్రావణానికి ముందు మగ్గం వర్క్ చేసే ఒకామె వచ్చి, "అన్నా, ఈసారి నంబరు వద్దు. క్యూఆర్ వేయి, దాంట్లోంచే కాల్ వచ్చేట్టు" అనింది. పాత బోర్డు చూసి రాత్రి పదకొండుకు ఫోన్లంట, వాట్సాప్‌లో డీపీ చూసి మెసేజీలంట. నంబరే మార్చేద్దామంటే బ్యాంకు, ఆధార్, ఫోన్‌పే, పిల్లోడి స్కూలు అన్నీ దానికే ముడిపడి ఉన్నాయి. జాకెట్టు కొలతలు అడగడానికి ఇచ్చిన నంబరు ఇంటి తాళంచెవి అయి కూర్చుంది.

ఆమె అడిగింది న్యాయమే. అయితే క్యూఆర్ లోపల పెట్టేవాటిని అందరూ 'లింకు' అని ఒకే పేరుతో పిలిచినా, నిజానికి అవి వేర్వేరు సరుకులు. అది తెలియకుండా వేయించుకుంటే డబ్బులు దండగ.

క్యూఆర్‌లో 'టెల్' అని పెట్టి పక్కన నంబరు రాస్తే, స్కాన్ చేయగానే డయల్ చేసే తెర మీద ఆ అంకెలే వచ్చి నిలబడతాయి. నెట్ లేకున్నా పనిచేస్తుంది, నాకు అందుకే ఇష్టం. కానీ దాపరికం ఏమీ లేదు. వాట్సాప్ వాళ్ళ 'డబ్ల్యూఏ డాట్ మీ' లింకు ఇంకో రకం. దాని తోకలో 91, ఆ తర్వాత మన పది అంకెలూ ఉంటాయి. నంబరు దాచినామనుకొని దాన్ని పెట్టుకోవడం పిల్లి కళ్ళు మూసుకొని పాలు తాగడమే. 2022లో వాట్సాప్ కాల్ లింకులు కూడా తెచ్చింది. వాటిలోనూ కాల్‌లో చేరినవాళ్ళకు ఒకరి నంబరు ఇంకొకరికి కనిపిస్తుంది.

నంబరు అసలు బయటపడనిది బ్రౌజర్‌లో మాట్లాడే రకం. జిట్సీ, గూగుల్ మీట్ లాంటివి. దీని వెనక ఉన్నది వెబ్‌ఆర్‌టీసీ అనే పద్ధతి. గూగుల్ 2011లో దాన్ని అందరికీ తెరిచి ఇచ్చింది, 2021 జనవరిలో అది వెబ్ ప్రమాణమయింది. మైకుకు అనుమతి ఇస్తే చాలు, క్రోమ్‌లోనే మాటలు నడుస్తాయి. జిట్సీ ఉచిత సర్వర్‌లో కాల్‌కు గది తెరిచే మనిషి లాగిన్ కావాలని 2023లో నియమం పెట్టినారు. వచ్చేవాళ్ళకు ఆ బాధ లేదు.

మగ్గం ఆమెకు ఇదే పెట్టినాం. పెట్టినాక కదా తెలిసింది, ఇది మోగదు. నంబరుకు కొడితే అవతల ఫోను గొంతు చించుకుంటుంది. ఇక్కడ అట్ల కాదు. కస్టమరు లింకు తెరిచి లోపలికి పోతుంది, లోపల మనిషి ఉంటే మాట్లాడుతుంది, లేకపోతే ఖాళీ తెర చూస్తా కూర్చుంటుంది. యాప్ ద్వారా మోగించే సేవలూ కొన్ని ఉన్నాయి. అయితే చాలా ఫోన్లలో బ్యాటరీ ఆదా చేసే సెట్టింగు ఆ యాప్‌ను పడుకోబెట్టేస్తుంది, మోగాల్సినప్పుడు మోగదు. పైగా పెద్దవాళ్ళు మైకు అనుమతి అడగ్గానే భయపడి వెనక్కి వచ్చేస్తారు. లింకు నొక్కొద్దు, నొక్కితే డబ్బు పోతుందని బ్యాంకులు, పోలీసులు రోజూ చెప్పేదే మరి. అట్ల మోసపోతే ఫిర్యాదు చేయాల్సింది కూడా నంబరుకే: 1930!

నెల తిరిగేసరికి ఆమే ఒక దారి వెతుక్కుంది. పాత ఫోనులో కొత్త సిమ్ వేసి, బోర్డు మీద ఆ నంబరు వేయించింది. రాత్రి ఎనిమిదికి ఆ ఫోను ఆఫ్. ఆ నంబరుకు బ్యాంకూ లేదు, ఆధారూ లేదు. నెలనెలా రీచార్జి ఖర్చుంది, నిజమే. అయినా ఇట్లాంటి అవసరానికి లింకు కంటే రెండో సిమ్మే మేలని నేనూ ఒప్పుకున్నా. లింకును ఆమె పూర్తిగా వదల్లేదు, ఆ మాట కాసేపాగి చెప్తా.

మోటార్లు రీవైండింగ్ చేసే పెద్దాయన సంగతి వేరే. కొడుకు చెప్పినాడని ఆయనా క్యూఆర్ అడిగినాడు. "ఏం పెద్దాయనా, నీ గిరాకీ అంతా యాడుంది?" అన్నా. చెన్నూరు, వల్లూరు పక్క చేలల్లో. బోరు మోటారు కాలితే రైతు చేతిలో ఉండేది కీప్యాడ్ ఫోను, నిలబడేది సిగ్నల్ సగం అందే గట్టు మీద. పక్క చేనాయన షెడ్డు గోడ మీద పెయింటుతో రాసుకున్న నంబరు చూసి, తొంభై నాలుగు, డబల్ సిక్స్ అని కేక పెడితే ఈయన కొట్టుకుంటాడు. లింకును అట్ల నోటితో చెప్పి చూడండి. చిన్న అక్షరమా పెద్దదా, చుక్కా, అడ్డగీతా, ఏటవాలు గీతా... నా అంగట్లో కీబోర్డు ముందు కూర్చొని కూడా ఒకాయన లింకును మూడుసార్లు తప్పు కొట్టినా. పోయే బస్సులోంచి క్యూఆర్ స్కాన్ చేయడం కూడా కుదిరే పని కాదు. మా లెక్కలో పది అడుగుల దూరం నుంచి పట్టాలంటే క్యూఆర్ అడుగు వెడల్పు ఉండాలి. పెద్దాయనకు అంకెలే జానెడు ఎత్తున వేసి పంపినా.

శాశ్వతం ఏది అంటే, రెండూ కాదు. 2011 జనవరి 20 నుంచి దేశమంతటా నంబరు మార్చకుండా కంపెనీ మారే వీలు వచ్చింది కాబట్టి నంబరు కొంత మనదైంది. కానీ 90 రోజులు వాడకుండా, బ్యాలెన్సు లేకుండా వదిలేస్తే పోతుంది, తర్వాత ఇంకొకరి చేతికి పోతుంది. ఉచిత లింకు అంతకంటే అన్యాయం. ఒక కస్టమరుకు ఐదు వందల కార్డుల మీద ఊరికే దొరికే ఒక సైటులో తయారుచేసిన క్యూఆర్ వేసిచ్చినా. రెండు వారాలకు స్కాన్ చేస్తే 'గడువు ముగిసింది, డబ్బు కట్టండి' అని వచ్చింది. కార్డులు మళ్ళీ నా ఖర్చుతో వేసిచ్చినా. అప్పటి నుంచి సొంత డొమైన్, అంటే మన పేరున కొనుక్కున్న వెబ్ చిరునామా ఉంటేనే లింకు వేస్తానని చెప్తున్నా. ఏడాదికోసారి డబ్బు కట్టుకుంటూ పోతే లింకు మనది. దాని వెనక నంబరు ఎన్నిసార్లు మార్చినా బోర్డు మార్చే పని లేదు. నా గిరాకీకి ఇది నష్టమే అనుకోండి.

లింకు నిజంగా గెలిచేది కువైట్ దగ్గర. కడప, రాజంపేట, రాయచోటి పక్క కువైట్‌లో మనిషి లేని వీధి తక్కువ. పని మారితే అక్కడి సిమ్ మారుతుంది, దాంతో ఇమో అనే కాల్ యాప్‌లో ఖాతా, వాట్సాప్ అన్నీ తారుమారు. ఇక్కడ తల్లి పాత నంబరుకే కొడతా కూర్చుంటుంది. అదే ఒక బ్రౌజర్ లింకు ఖాయం చేసి, శుక్రవారం సెలవు రోజు అక్కడ నాలుగయితే ఇక్కడ ఆరున్నర అని టైము అనుకుంటే, ఎవరి సిమ్ మారినా ఇబ్బంది లేదు. మోగకపోవడం కూడా ఇక్కడ లోటు కాదు, ఇద్దరూ ఆ టైముకు కాచుకొని ఉంటారు. మాట వరకే అయితే నిమిషానికి అర ఎంబీ అటూ ఇటూ, అంతే.

మగ్గం ఆమె లింకును వదలకుండా పెట్టుకున్నది ఇందుకే. కువైట్‌లో ఉన్న పెండ్లికూతురు అక్కలకు వీడియోలో జాకెట్టు చేతుల మీద పూసల పని చూపిస్తుంది. వాళ్ళకు ఆమె నంబరుతో పని లేదు, ఆమెకూ వాళ్ళ నంబర్లతో పని లేదు. మొన్న కొత్త బోర్డుకు వచ్చి, "నంబరు పెద్దగా వేయన్నా, లింకు మాత్రం బోర్డు మీద వద్దు, కార్డు వెనకాల వేయి" అనింది. నంబరు కింద 'ఉదయం 10 నుంచి రాత్రి 8 వరకు' అని నేనే అడగకుండా చేర్చినా.